బాలల సాహస నవలలో ప్రతీకలు : 'టామ్ సాయర్' పరిశీలన

ప్రతీకల ప్రసక్తి వచ్చినప్పుడు మన విద్యార్థుల దృష్టి సాధారణంగా ప్రబంధాల మీదికో, ఆధునిక వచన కవిత్వం మీదికో పోతుంది. పిల్లల కోసం వ్రాసిన సాహసకథలో ప్రతీకలు ఏముంటాయి, అది ఒక సాయంత్రం చదివి పక్కన పెట్టవలసినదే కదా అనే అభిప్రాయం బలంగా నాటుకొని ఉంది. ఈ అభిప్రాయం సరియైనది కాదని ఒక ప్రసిద్ధ నవల ఆధారంగా నిరూపించటం ఈ వ్యాసం లక్ష్యం.

ఆ నవల 'టామ్ సాయర్'. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ (1835–1910) దీనిని 1876లో ప్రచురించాడు. ఆంధ్రజ్యోతి సంపాదకులుగా ప్రసిద్ధులైన నండూరి రామమోహనరావు (1927–2011) దీనిని తెలుగు చేశారు. ట్వేన్ రచనలలో 'హకల్‌బెరీ ఫిన్', 'రాజు-పేద' నవలలనూ, స్టీవెన్సన్ వ్రాసిన సాహసగాథను 'కాంచనద్వీపం' పేరుతోనూ తెలుగు బాలురకు అందించినవారు ఆయనే. ఆ అనువాదాల మూలంగా మిసిసిపీ నదీతీరపు పిల్లలు తెలుగు పాఠకుల ఇళ్లలో పిల్లలైపోయారు. అందుచేత ఈ నవలను పరాయి గ్రంథంగా భావించి దూరంగా ఉంచవలసిన అవసరం లేదు.

ప్రతీక : లక్షణం

అలంకారశాస్త్రంతో పరిచయమున్న విద్యార్థులకు అభిధ, లక్షణ, వ్యంజన అనే మూడు శబ్దవ్యాపారాలు తెలుసు. తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీర దేశీయుడైన ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో వ్యంజనకు పట్టం కట్టాడు. మాట చెప్పే అర్థం ఒకటి, దాని వెనుక ధ్వనించే అర్థం మరొకటి. నేటి విమర్శకులు ప్రతీక అని వ్యవహరించేది ఈ ధ్వనికి దగ్గరి చుట్టమే. అయితే ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఉపమానం తన పని ముగియగానే తప్పుకుంటుంది. ముఖం చంద్రునివలె ఉందన్నప్పుడు కథలో నిజంగా చంద్రుడు ఉండనక్కరలేదు. ప్రతీక మాత్రం ముందు తాను ఒక వస్తువుగా కథలో నిలబడి, ఆ తరువాతనే మరొక అర్థాన్ని మోస్తుంది.

మన ఊళ్లలో మొహర్రం నాడు లేచే ఆలం ఇందుకు మంచి ఉదాహరణ. చూసేవారికి అది ఒక కర్ర, దానికి చుట్టిన గుడ్డ, పైన లోహపు పంజా. దాని ముందు నిలబడి కంటతడి పెట్టేవారికి అది కర్బలా. బతుకమ్మ కూడా ఇటువంటిదే. పూలు పూలుగానే ఉంటాయి. ఆ పూలలో ఒక ఊరి ఆడపడుచులందరి బతుకూ ఉంటుంది. వస్తువు వస్తువుగా చెడకుండా అర్థం దానిలో నిండటమే ప్రతీకత్వం.

ఒక నవలలో ఏది ప్రతీకయో నిర్ణయించటానికి విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఆ వస్తువు గాని స్థలం గాని కథలో ఒకటికి రెండు సార్లు కన్పిస్తున్నదా? పాత్రల జీవితం మలుపు తిరిగే చోట కన్పిస్తున్నదా? దానిని తీసివేస్తే కథకు నష్టం కలుగుతుందా? మూడింటికీ అవును అనే సమాధానం వస్తే అక్కడ ఆగి ఆలోచించాలి. రాకపోతే బలవంతంగా అర్థాన్ని తగిలించరాదు. ప్రతి చెట్టూ ప్రతీక అనుకోవటం చెట్టును చూడకపోవటం కన్నా పెద్ద దోషం.

శ్మశానం : భయంలో పుట్టిన ప్రమాణం

టామ్ తల్లిదండ్రులు లేని బాలుడు. పాలీ పిన్ని అతణ్ణి పెంచుతున్నది. అతని స్నేహితుడు హక్ ఆ ఊరి తాగుబోతు కొడుకు. ఎండాకాలం గుమ్మాల ముందు, వానపడితే ఖాళీ పీపాలలో పడుకుంటాడు. వాడితో మాట్లాడవద్దని ఊరి తల్లులందరూ పిల్లలను కట్టడి చేశారు. కథ ఈ ఇద్దరిది.

పులిపిర్లు పోగొట్టే మంత్రం కోసం చచ్చిన పిల్లిని తీసుకొని ఇద్దరూ అర్ధరాత్రి శ్మశానానికి వెళతారు. చీకటిలో లాంతరు వెలుగు కదులుతుంది. దయ్యాలు వస్తున్నాయని వణికిపోతారు. దగ్గరకు వచ్చాక వారు మనుషులేనని తెలిసి ఊపిరి పీల్చుకుంటారు. ఆ మనుషులు చేసిన పని ఏమిటి? ఒక సమాధిని తవ్వి శవాన్ని వెలికి తీశారు. తగవు పడ్డారు. ఇంజన్ జో అనేవాడు యువ వైద్యుడైన రాబిన్సన్‌ను చంపి, దెబ్బ తగిలి స్పృహ తప్పిన మఫ్ పాటర్ చేతిలో కత్తి పెట్టి నేరం అతని మీదికి నెట్టాడు. దయ్యాలకు జడిసిన పిల్లలకు నిజమైన భయం మనుషుల వల్ల కలిగింది. భయానక రసం అద్భుతం నుండి లోకవృత్తం మీదికి మారే ఘట్టం ఇది. శ్మశానం ఇక్కడ బాల్యానికి చివరి హద్దురాయి.

అక్కడ నుండి పరుగెత్తి, పాడుబడిన తోళ్ల కార్ఖానాలో పిల్లలు ఒక ప్రమాణం చేసుకుంటారు. చూసినది ఎవరికీ చెప్పరాదు. టామ్ ఒక చెక్క పెంకు మీద దానిని వ్రాస్తాడు. ఇద్దరూ సూదితో బొటనవేలు గుచ్చుకొని నెత్తుటితో సంతకం చేస్తారు. హక్‌కు అక్షరాలు రావు. తన పేరులోని రెండు పొడి అక్షరాలు ఎలా దిద్దాలో అప్పటికప్పుడు టామ్ నేర్పుతాడు. సాధారణంగా ఈ ఘట్టాన్ని పిల్లచేష్టగా చదివి నవ్వుకుంటాము. ఆగి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. బడి మొగం చూడని ఆ పిల్లవాడు దిద్దిన ఆ రెండక్షరాలకు సిరా నెత్తురు, గురువు భయం.

ఆ చెక్క పెంకును గోడ పక్కన పాతిపెడతారు. అది ఈ నవలలో మొదటి గొప్ప ప్రతీక. అది స్నేహానికి గుర్తు అని పిల్లలు అనుకుంటారు. నిజానికి అది భయానికి గుర్తు. ఇద్దరు భయస్థులు ఒకరి నోటికి మరొకరు వేసిన తాళం అది. పైగా దాని మూల్యం చెల్లించేది వారిద్దరూ కారు. చెరసాలలో ఉరికి ఎదురుచూస్తున్న మూడవ మనిషి.

చెరసాల కిటికీ : ప్రమాణ భంగం

మఫ్ పాటర్ ఊరికి పనికిరాని తాగుబోతు. కాని పిల్లల గాలిపటాలు బాగుచేసేవాడు, చేపలు దొరికే తావులు చూపించేవాడు. పిల్లలిద్దరూ చెరసాల కిటికీ వద్దకు వెళ్లి ఊచల గుండా పొగాకు, అగ్గిపుల్లలు అందిస్తారు. అతడు కృతజ్ఞతతో వారి చేతులు తాకుతాడు. పెద్దచేతులు ఊచల మధ్య పట్టవు, మీ చిన్నచేతులు పడతాయి అనే అర్థం వచ్చే మాట చెబుతాడు. అతనిని రక్షించగల సాక్ష్యం ఆ చేతులవారి దగ్గరే ఉన్నదని అతనికి తెలియదు. పిల్లలకు తెలుసు. అతని కృతజ్ఞత వారికి కొరడా దెబ్బ కన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది.

టామ్ ఒక రాత్రి న్యాయవాది ఇంటికి వెళ్లి నిజం చెప్పేస్తాడు. న్యాయస్థానంలో సాక్ష్యం ఇస్తాడు. మాట పూర్తి కాకముందే ఇంజన్ జో కిటికీ గుండా దూకి పారిపోతాడు. ఊరు టామ్‌ను వీరుడని పొగడుతుంది. అతనికి మాత్రం పగళ్లు వైభవంగాను, రాత్రులు నరకంగాను గడుస్తాయి. నెత్తుటి ప్రమాణమే నిలవనప్పుడు మనుషులను ఎలా నమ్మాలని హక్ కుంగిపోతాడు.

స్నేహం అంటే రహస్యం దాచటమా, అన్యాయం ఆపటమా? విద్యార్థులు నిత్యజీవితంలో ఎదుర్కొనే ప్రశ్న ఇది. తోటివాడు చేసిన తప్పును చూసి నోరు మూసుకొన్న ప్రతి సందర్భంలోనూ మన దగ్గర ఒక చెక్క పెంకు పాతిపెట్టబడి ఉంటుంది. భయం కట్టిన ముడిని స్నేహమని పొరబడవద్దని ట్వేన్ ఎక్కడా నీతివాక్యంగా చెప్పడు. ప్రమాణం తప్పినవాణ్ణి కథానాయకుణ్ణి చేసి ఊరుకున్నాడు.

గుహ : కొవ్వొత్తి, దారం, చేయి

టామ్, న్యాయమూర్తి కుమార్తె బెకీ వనభోజనానికి వెళ్లి మెక్‌డూగల్ గుహలో దారి తప్పుతారు. మూడు పగళ్లు, మూడు రాత్రులు గడుస్తాయి. వెలుతురు పొదుపు చేయటానికి టామ్ బెకీ కొవ్వొత్తిని ఆర్పివేస్తాడు. చివరకు మిగిలిన ముక్క కూడా కరిగి ఆరిపోతుంది. ఇక్కడ కొవ్వొత్తి ఆశకు ప్రతీక అని ఒక్క మాటలో చెప్పి తృప్తిపడరాదు. వెలుగు ఉన్నంతవరకు టామ్‌కు ధైర్యం బయటి వస్తువు. అది ఆరిన తరువాత ధైర్యాన్ని అతడు తనలోనే వెతుక్కోవలసి వచ్చింది.

అప్పుడు జేబులోని గాలిపటం దారం బయటికి వస్తుంది. ఒక కొన రాతికి కట్టి, దారం పట్టుకొని, చీకటిలో పాకుతూ పోతాడు. ఆకాశంలో ఆడుకోవటానికి ఉంచుకొన్న దారమే పాతాళంలో దారి చూపింది. కొంతదూరం పోగానే ఒక రాతి వెనుక నుండి కొవ్వొత్తి పట్టుకొన్న మనిషి చేయి కన్పిస్తుంది. రక్షకులు వచ్చారనుకొని టామ్ కేక పెడతాడు. ఆ చేతి వెనుక నుండి వచ్చినవాడు ఇంజన్ జో. టామ్ కాళ్లు కదలవు. కాని ఆ కేక విన్న జో వెనుదిరిగి పరుగెత్తుతాడు! ఎవరిని తలచుకొని టామ్ రాత్రులు నిద్ర లేక గడిపాడో, ఆ మనిషి ఒక పసివాడి కేకకు పారిపోయాడు. భయపెట్టేవాడు కూడా భయపడుతూనే ఉంటాడన్న సత్యం ఒక చేయి, ఒక కొవ్వొత్తి, ఒక కేక ద్వారా వ్యక్తమైంది. ఇది ధ్వనికి పరాకాష్ఠ.

తిరిగి వచ్చిన టామ్ తాను చూసినదానిని బెకీకి చెప్పడు. శ్మశానంలో దాచినది తన ప్రాణం కోసం. గుహలో దాచినది ఎదుటి మనిషి బెదరకుండా ఉండటం కోసం. రెండూ మౌనాలే. వాటి మధ్య దూరమే టామ్ ఎదుగుదల. చివరకు ఒక దారిలో దారం పూర్తిగా అయిపోయిన చోట, దూరంగా చుక్కంత పగటి వెలుగు కన్పిస్తే, అతడు దారం వదలివేసి దాని వైపు పాకుతాడు. చేతిలోని ఆధారాన్ని ఎంతవరకు పట్టుకోవాలో, ఎక్కడ వదలిపెట్టాలో తెలియటం కూడా ధైర్యంలో భాగమే.

రెండు తలుపులు

ఈ నవలలో విమర్శకులు గుహను, నదిని గూర్చి విశేషంగా ప్రస్తావిస్తారు. నా దృష్టిలో తలుపు అంతకు తక్కువ ప్రతీక కాదు.

మొదటి తలుపు వేల్స్ దేశపు ముసలాయనది. డగ్లస్ అనే వితంతువు మీద పగ తీర్చుకోవటానికి జో పన్నిన కుట్రను హక్ చాటుగా విని, అర్ధరాత్రి పరుగెత్తుకుంటూ వచ్చి ఆ తలుపు బాదుతాడు. పేరు చెప్పగానే, ఆ పేరుకు తెరుచుకొనే తలుపులు తక్కువని ముసలాయన అంటాడు. అయినా తెరుస్తాడు. మరునాడు హక్ మళ్లీ వచ్చినప్పుడు, ఆ పేరుకు రాత్రయినా పగలైనా ఈ తలుపు తెరుచుకొంటుందని చెబుతాడు. ఒక రాత్రిలో మారినది తలుపు కాదు, ఆ పేరుకు ఊరిలో ఉన్న విలువ. తెలుగులో 'పరపతి' అంటామే, అది బికారి పిల్లవాడికి లభించిన ఘడియ ఇది. అంతకు ముందు, నదిలో మునిగి చనిపోయారనుకొన్న పిల్లలు ప్రార్థనామందిరంలోకి నడిచి వచ్చినప్పుడు కూడా, హక్‌ను చూసి సంతోషించేవారు ఎవరైనా ఉండాలి కదా అని టామ్ అడిగాడు. ఆ ఒక్క మాటతో పాలీ పిన్ని వాడినీ దగ్గరకు తీసుకొన్నది. స్నేహితుడు చేయగల పెద్దపని ఇదే. మూసిన తలుపు ముందు మన పక్షాన ఒక మాట అనటం.

రెండవది ఇనుప తలుపు. పిల్లలు బయటపడ్డాక, ఇంకెవరూ దారి తప్పకూడదని న్యాయమూర్తి గుహ ద్వారానికి ఇనుపరేకు తాపడం చేసిన తలుపు పెట్టి మూడు తాళాలు వేయించాడు. లోపల జో ఉన్నాడని అతనికి తెలియదు. తెలిసి తెరిచేసరికి జో తలుపు దగ్గర చనిపోయి ఉన్నాడు. యాత్రికులు వదలిన కొవ్వొత్తి ముక్కలు, గబ్బిలాలు తిని, మూడు నిమిషాలకు ఒక్కటిగా రాలే నీటిబొట్లు పట్టుకొని కొన్నాళ్లు బ్రతికాడు. అది చూసి టామ్ మనసు కరిగింది. ఆ చీకటి ఎటువంటిదో అతనికి స్వానుభవం. శత్రువు భయాన్ని తన భయంగా గుర్తించిన క్షణంలో ఆ బాలుడు పెద్దవాడయ్యాడు.

హక్, జో ఇద్దరూ ఊరికి వెలి అయినవారే. ఒకడికి తలుపు తెరుచుకొంది. మరొకడి మీద మూసుకుంది. మొదటివాడికి స్నేహితుడు ఉన్నాడు. రెండవవాడికి లేడు.

భయానికి తొడిగిన ముఖం

ఇక్కడ ఈ నవలను ప్రశంసతో పాటు ప్రశ్నతో కూడా చదవాలి. జో తెల్లజాతికి, అమెరికా ఆదివాసులకు పుట్టిన మిశ్రజాతి మనిషి. వితంతువు ముక్కు చెవులు కోస్తాననే క్రూరమైన పగ ఇండియనుకే తగునని, తెల్లవారు అలా చేయరని వేల్స్ ముసలాయన తేల్చివేస్తాడు. కాని అదే కథలో జోను చెరసాల ముందు ఊరంతా చూస్తుండగా కొరడాతో కొట్టించినవాడు ఎవరు? న్యాయాధికారిగా ఉన్న డగ్లస్. అన్నం అడగటానికి వచ్చినవాణ్ణి వంటింటి నుండి తరిమినవాడు ఎవరు? రాబిన్సన్. జో నేరాన్ని ఇది కడిగివేయదు. హత్య హత్యయే. అయితే నేరం మనిషిది అనకుండా రక్తానిది అనటం ఊరికి ఎంత సుఖంగా ఉన్నదో పాఠకుడు గమనించాలి. ఊరికి చీకటి అంటే భయం. ఆ భయానికి ఒక ముఖం కావాలి. ఆ ముఖాన్ని పరాయివాడి మీద తొడిగారు.

ట్వేన్ తన ఆత్మకథలో చెప్పిన ఒక సంగతి దీనికి తోడ్పడుతుంది. అతడు పెరిగిన హానిబల్ పట్టణంలో ఆ పేరుగల మనిషి నిజంగా ఉండేవాడు. గుహలో దారి తప్పి, గబ్బిలాలు తిని ప్రాణాలతో బయటపడ్డాడు. నవలలో మాత్రం కళాప్రయోజనం కోసం అతణ్ణి ఆకలితో చంపానని రచయితే పరిహాసంగా ఒప్పుకొన్నాడు. బ్రతికిన మనిషి కథలో చనిపోయాడు.

ఈ విషయం మనకు దూరమైనదేమీ కాదు. బాలనాగమ్మ కథ తెలియని తెలుగువారు లేరు. బాలనాగమ్మను అపహరించిన మాంత్రికుని ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. ఆమె కుమారుడు బాలవర్ధిరాజు, పసివాడు, వెళ్లి ఆ చిలుకను పట్టి తల్లిని విడిపిస్తాడు. మన సొంత బాలసాహసగాథ అది. ఉర్దూ దాస్తానులు చదివిన విద్యార్థులకు తిలిస్మ్‌ను ఛేదించే లౌహ్ ఇక్కడ జ్ఞాపకం రావచ్చు. భయం ఎంత పెద్దదైనా దాని ప్రాణం ఎక్కడో ఒక చిన్న వస్తువులో దాగి ఉంటుందని రెండు సంప్రదాయాలూ అంటున్నాయి. చిలుక గొప్ప ప్రతీక. కాని ఆ మాంత్రికుని పేరు ఏమిటి? కొందరి నోట మాయల ఫకీరు, కొందరి నోట మాయల మరాఠీ. పేరు మారినా కథ చెక్కుచెదరలేదంటే, కథకు కావలసినది ఫకీరూ కాదు, మరాఠీ కాదు. ఎవరో ఒక బయటివాడు. అతని మీద తొడిగినది ముసుగే గాని ముఖం కాదు.

ఇందుకు నిదర్శనం మన వీధులలోనే ఉన్నది. తెలంగాణ ఊళ్లలో పిల్లవాడు జడుసుకొన్నాడంటే తల్లులు, ఏ మతం వారైనా, మగ్రిబ్ నమాజు వేళకు బిడ్డను ఎత్తుకొని మసీదు గుమ్మం వద్ద నిలబడతారు. నమాజు ముగించి వచ్చేవారు బిడ్డ ముఖాన ఊది పంపుతారు. దర్గా ఫకీరు నెమలీకల కట్టతో తల నిమిరి తాయెత్తు కడతాడు. కథలోని ఫకీరు భయం పుట్టించేవాడు. వీధిలోని ఫకీరు భయం తీర్చేవాడు. కథ చెప్పి బిడ్డను భయపెట్టిన తల్లే ఆ భయం తీర్చమని ఫకీరు దగ్గరకు తీసుకొని వస్తుంది. ముసుగు తెలిసినవాడికి మనిషి ఎదురుపడితే ముసుగు నిలవదు. కథలను నిషేధించవలసిన పని లేదు. ఫకీరు గడప తెలిసిన పిల్లవాడు మాయల ఫకీరు కథను హాయిగా విని నవ్వుకొంటాడు. ఆ గడప తెలియకుండా పెరిగిన పిల్లవాడి మనసులో కథ ఒక్కటే మిగిలిపోతుంది. భయం అక్కడ వేరుపట్టుతుంది.

ఉపసంహారం

'టామ్ సాయర్'లో శ్మశానం, చెక్క పెంకు, చెరసాల కిటికీ, కొవ్వొత్తి, దారం, తలుపు అన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి. భయం మనుషులను ఎలా కట్టివేస్తుంది, స్నేహం ఎలా విప్పుతుంది? మొదట భయం ఇద్దరిని కలిపింది. అది వారి నోళ్లు కట్టింది. తరువాత ఎదుటివాడి ఆపద తన భయం కన్నా పెద్దదిగా కన్పించింది. అప్పుడు నోరు విప్పుకొంది. చివరకు శత్రువు పడిన బాధ కూడా తన బాధవలె తోచింది. స్నేహానికి ఇంతకు మించిన ఎల్ల లేదు.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదువుకొంటున్నారు. ఒకరి కథలలో మరొకరు ఏ వేషంలో ఉన్నారో చదివి తెలుసుకోవటానికి ఇంతకన్న అనువైన చోటు మరొకటి దొరకదు. మన గ్రంథాలయంలో బాలసాహిత్యానికి ఒక బీరువా ప్రత్యేకించి, దాస్తానులనూ, బాలనాగమ్మ కథనూ, ఈ అనువాద నవలలనూ పక్కపక్కన ఉంచితే మేలని కళాశాల కమిటీవారికి మనవి. విద్యార్థులు ఈ నవలను మరొకసారి తెరిచి చదవాలి. ఈసారి, భయం కలిగించిన ప్రతి పుటలో ఆగి, ఆ ముఖం ఎవరిదో, దానిని తొడిగినది ఎవరో అడిగి చూడాలి.